చెయ్యి ఆగిన చోటు

తెలంగాణ ఉద్యమం రోజులు. రాస్తారోకోలో మా బస్సు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఆగిపోయింది. నా ఒళ్ళో అల్మారా తలుపు ఉంది. ఉప్పుకాగితంతో నేనే రుద్ది నున్నగా చేశాను. దాని రంగుకు సరిపోయే పాలిష్ కోసం ఎల్బీనగర్ వెళ్తున్నాను. పక్కనున్న పెద్దాయన చెవి వెనక వడ్రంగి పెన్సిల్ చూసి, కావాలనే అన్నాను.

"బందులంటూ మీవాళ్ళు పనికి రారు. నేనే చేసుకుంటున్నాను. ఇదేం పెద్ద విద్య కాదులెండి."

ఆయన తలుపును అరచేత్తో నిమిరాడు. ఒకచోట చెయ్యి ఆగింది.

"మంచిగ జేసినవ్ సార్. ఇగ పాలిష్ కొట్టుడే."

పాలిష్ కొనుక్కుని ఇంటికెళ్ళి కొట్టాను. చెక్క నారకు అడ్డంగా నేను రుద్దిన గీతలు, అంతదాకా కంటికి కనపడనివి, అన్నీ నల్లగా తేలాయి.

ఇప్పటికీ ఎవరైనా నా పని బాగుందంటే, ముందు వాళ్ళ చెయ్యి ఎక్కడ ఆగిందో చూస్తాను.