గడ్డకట్టిన కొబ్బరినూనె పట్టుకుని నాచారం దాకా

హైదరాబాదు చలి చూడ్డానికి ఎప్పుడు వస్తే బాగుంటుందని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. డిసెంబరు చివర రండి, పొద్దున్నే చెరువుల మీద పొగమంచు చూడండి అని నేనూ మర్యాదగా చెబుతూ వస్తున్నాను. నిజానికి చలి అనగానే నాకు గుర్తొచ్చేది పొగమంచు కాదు, కోపం. తొంభైల మొదట్లో ఒక చలివారం, దాని చివర ఒక్క పూటలో ముదిరిన ఎండ, ఆ ఎండలో మమ్మల్ని కూర్చోబెట్టిన ఒక పెద్దమనిషి. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. అందుకే ఈసారి ఆ వారం చేసిన ప్రయాణం గురించే రాస్తున్నాను.

అప్పుడు నేను జనగామలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదాన్ని. మా అక్క రూతమ్మ, బావ హైదరాబాదులో, ఉప్పల్ దగ్గరి చిల్కానగర్‌లో ఉండేవాళ్ళు. బావకు నాచారంలో ఫ్యాక్టరీ పని, అక్కకు ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా కొట్టు. ఒకరోజు బావ మా పక్కింటికి ఫోను చేసి, "మీ అక్క దుకాణం బంద్ పెట్టింది. అన్నం తింటలేదు. జర వచ్చిపో" అన్నాడు. గొడవంతా కొబ్బరినూనె గురించి. మామూలు చలికాలంలో మా వైపు కొబ్బరినూనె రాత్రి గడ్డకట్టి, కాస్త పొద్దెక్కగానే కరుగుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆసారి చలి ఎంత గట్టిగా పట్టిందంటే, మిట్టమధ్యాహ్నం కూడా సీసాలు తెల్లగా రాయిలా ఉండిపోయాయి. కానీ అక్క కొట్టులో కొన్న నూనె మాత్రం ఎవరింట్లో చూసినా నీళ్ళలా కదులుతోంది. అంటే కల్తీ అన్నమాట. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పురిటికి వచ్చిన ఎదురింటి యాదమ్మ కూతురికి, పసిబిడ్డ ఒళ్ళు మర్దనా చేయమని అక్క ఆ నూనెనే ఊరికే ఇచ్చింది. బిడ్డ ఒంటినిండా దద్దుర్లు లేచాయి. యాదమ్మ వీధి నడుమ నిలబడి, "రూతమ్మ నూనెల ఏందో కలుపుతున్నది" అని అరిచింది. ఆ ఆదివారం చర్చిలో మా అక్క పక్కన ఎవ్వరూ కూర్చోలేదట. ఆ మాట విన్నాక నేను జనగామలో ఉండగలనా?

మధ్యాహ్నం వరంగల్ నుంచి వచ్చే బస్సెక్కాను. రెండు గంటలు దాటిన ప్రయాణం, ఇరవై రూపాయల నోటుకు ఇంకా చిల్లర తిరిగొచ్చే కాలం. నా పక్క కిటికీ అద్దం సగం దాకానే జరిగేది, మిగతా సగంలోంచి గాలి చెవులు కోసేసింది. ఆ దారిన వచ్చేవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ వెనక్కి రాకుండా ఉప్పల్‌లోనే దిగిపోవడం మంచిది. మా కండక్టరు అక్కడ, "ఉప్పల్ల దిగేటోళ్ళు దిగుండ్రి! గీ చలికి సీట్లకు అతుక్కుపోయిన్రా ఏంది?" అని కేకేస్తే, దుప్పట్లు కప్పుకున్నవాళ్ళంతా మెల్లగా కదిలారు. అక్కడ నుంచి చిల్కానగర్ నడిచే వెళ్ళాను.

అక్క నన్ను చూడగానే ఏడ్చింది. "నేనేం కలపలే చెల్లె. నాచారం సేటు కాడ డబ్బా ఎట్ల తెస్తనో గట్లనే కొలిసి పోస్త" అంది. అయితే ఆ సేటు దగ్గరికే పోదాం, ఇంత చలిలో ఆయన పీపాలో నూనె గడ్డకట్టిందో లేదో చూస్తే తేలిపోతుంది కదా అన్నాను. మేం గట్టిగానే మాట్లాడుకున్నాం కాబోలు, ఎదురింటి అరుగు మీంచి యాదమ్మ లేచొచ్చింది. "నేను గూడ వస్త. ఆయన పీపల నూనె గడ్డకట్టి ఉంటె కలిపింది నువ్వే. కట్టకపోతె ఆయన. నా కండ్లతోని సూస్త" అంది. కోపంగానే అంది, కానీ న్యాయమైన మాట. ఇంకో కొట్టులో తాను కొన్న మంచి నూనె సీసా కూడా తెస్తానంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. చిల్కానగర్ నుంచి నాచారానికి లోపలి దారులు ఉన్నాయి గానీ, బస్సు కావాలంటే ఉప్పల్ రోడ్డు మీదికొచ్చి, హబ్సిగూడ చౌరస్తాలో కుడివైపు తిరగాలి. యాదమ్మ ఒడిలో ఒక సీసా, తెల్లగా, తలకిందులు చేసినా కదలదు. అక్క సంచిలో ఇంకో సీసా, గుంతలు వచ్చినప్పుడల్లా గలగలమంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా యాదమ్మ అక్క వైపు చూసేది, అక్క కిటికీ వైపు తిరిగేది. నాచారంలో దిగి ఫ్యాక్టరీ గోడల వెంబడి నడుస్తుంటే చలిగాలి ఇంకా కొడుతూనే ఉంది, కానీ వారం రోజుల్లో మొదటిసారి అందులో పదును తగ్గింది. మేం సంతోషించాం కూడా, తెలివితక్కువవాళ్ళం.

సేటు గోదాము రేకుల షెడ్డు. వచ్చిన పని చెప్పాం. ఆయన రెండు సీసాలనూ ఒకటికి రెండుసార్లు చూశాడు, ముఖం మాత్రం చెదరలేదు. "అట్లనా? సూద్దాం తియ్యి. నాకు పూజ గాలె ఇంకా. చలిల వచ్చిన్రు, జర ఎండకు కూసోండి తల్లీ" అని ఆవరణలో బల్ల వేయించాడు. ఆ మర్యాదకు మేం పొంగిపోయాం. చాయ్ కూడా పంపించాడు, మహానుభావుడు! పూజ అయింది, తర్వాత లారీ వచ్చిందన్నారు, లారీ పోయింది, తర్వాత ఎవరో పెద్దమనుషులు వచ్చారన్నారు. లోపల ఆయన రేడియో మోగుతూనే ఉంది. చలిగాలులు తగ్గి పగటి ఉష్ణోగ్రతలు క్రమంగా పెరుగుతాయని అందులో ఎవరో చక్కటి గొంతుతో చదువుతున్నారు. నేను స్వెటర్ విప్పాను. యాదమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. అప్పుడు అక్క ఒక్కసారిగా, "యాదమ్మక్కా, సీసా" అంది. యాదమ్మ ఒడిలోని తెల్లటి నూనె అంచుల నుంచి విడిపోయి, నడుమ ఒక ముద్దలా తేలుతోంది. నేను లేచి లోపలికి దూసుకుపోబోతే గుమస్తా అడ్డం నిలబడ్డాడు. "సేటు తింటున్నడు, జర ఆగుండ్రి."

సేటు త్రేన్చుకుంటూ బయటికి వచ్చేసరికి ఆ ముద్ద కూడా లేదు. ఇక చూడండి ఆయన ఉదారత! "రాండ్రి, ఏ పీప సూస్తరో సూస్కోండ్రి" అని తానే మూతలు తీయించాడు. రేకుల కింద వేడి గుప్పుమంటోంది. ప్రతి పీపాలోనూ నూనె నీళ్ళలా మెరిసింది. మెరవదా మరి? "నా నూనె నీళ్ళే, నీ నూనె నీళ్ళే, గామె తెచ్చిన మంచి నూనె గూడ నీళ్ళే. ఫరకేడున్నది? కల్తీ గిట్ల ఉంటె మీ ఇంట్లనే ఉన్నది, పోయి సూస్కోండి" అన్నాడు. గుమస్తా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండ ముదిరేదాకా మమ్మల్ని ఎండలో నానబెట్టి, సాక్ష్యం మా ఒళ్ళోనే కరిగేదాకా ఆగి, పైగా మాకే నీతులు చెబుతున్నాడు!

అక్క మాత్రం అరవలేదు. సంచిలోంచి ఒక ఖాళీ సీసా తీసి పీపా పక్కన పెట్టింది. "సేటూ, గేటు బయట ఐసు బండి వచ్చింది. ఈ పీపలకెళ్ళి నాకు పావుకిలో పొయ్యి, పైసలిస్త. మూడు సీసలు ఐసుల పెడదం. కాసేపట్ల తేలిపోతది."

ఆయన మొహంలో నవ్వు అప్పుడు పోయింది. విడిగా అమ్మం అన్నాడు. అయితే డబ్బా ఇమ్మంది అక్క. కాటా పాడైందన్నాడు. డబ్బాలు తూచకుండానే నిన్నటి దాకా ఇచ్చావు కదా అన్నాను నేను. "నీ అసొంటోళ్ళకు అమ్మను. నీకు ఈడ ఖాతా బంద్. పో బయటికి" అని గుడ్లురిమాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం సామెతల్లో విన్నాను, కళ్ళారా చూసింది అక్కడే. యాదమ్మ పీపా వైపు, సేటు వైపు చూసి, "పైసలిస్తనంటె సరుకు అమ్మనంటున్నడంటె ఇంక సూసేదేమున్నది? నడువు రూతమ్మ" అని అక్క చెయ్యి పట్టుకుంది.

చిల్కానగర్ చేరాక యాదమ్మ ఇంట్లోకి వెళ్ళలేదు. వారం కింద ఎక్కడ నిలబడి అరిచిందో అక్కడే నిలబడి, అంతే గొంతుతో, "రూతమ్మ కలపలే! కలిపింది నాచారం సేటు! నేను పోయి సూసొచ్చిన!" అని వాడకట్టంతా వినిపించింది. తలుపులు తెరుచుకున్నాయి. అక్క కొట్టు తెరిచి, డబ్బాలో మిగిలిన నూనెనంతా మోరీలో గుమ్మరించింది. ఆ తర్వాత గడప మీద కూలబడి, "ఎవలు కలిపితేంది అక్కా, బిడ్డకు నా చేతులతోనే ఇచ్చిన గద" అని వెక్కి వెక్కి ఏడ్చింది. యాదమ్మ ఇంట్లోకి వెళ్ళి, మనవరాలిని బట్టలో చుట్టి తెచ్చి, అక్క ఒళ్ళో పడుకోబెట్టింది.

సేటుకు ఏమైంది అంటారా? ఏమీ కాలేదు. అధికారుల దగ్గరికి పోదామని నేను పట్టుబడితే, చలి పోయె, నూనె మోరీల పోసిరి, ఇంకేం సూపెడ్తవు అన్నాడు బావ. అది తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. మా అక్క నిజాయితీ ఉత్తరపు గాలి వీచినన్నాళ్ళే చెల్లుతుందా? ఎండ కాయగానే దొంగా దొరా ఒకటైపోతారా? ఆరోజు మమ్మల్ని కాపాడింది ఏ చట్టమూ కాదు, కోపంగా వచ్చి కూడా కళ్ళు తెరిచి చూసిన ఒక పొరుగామె. ఇప్పుడు ఆ దారిలో మెట్రో తిరుగుతోంది, హబ్సిగూడ స్టేషన్‌లో దిగితే నాచారం ఎంతో దూరం కాదు. మీరు ఏ ఊళ్ళోనైనా న్యాయం అడగడానికి వెళ్తే నాది ఒకటే సలహా: తెల్లవారకముందే బయల్దేరండి, అవతలివాడు చాయ్ ఇస్తే తాగండి, కూర్చోమంటే మాత్రం కూర్చోకండి.