కోడి మెడ మీద దీపం

విరుదునగర్ బస్టాండు దగ్గర ఒక మందుల కొట్టు పైన మా ఆఫీసు ఉండేది. రెండు గదులు, మూడు కంప్యూటర్లు, పనిచేసేది ఇద్దరం. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. ఎంసీఏ ముగించి నేను చేరిన మొదటి ఉద్యోగం అదే. రోజూ పొద్దున కోవిల్‌పట్టిలో బస్సెక్కి వచ్చేదాన్ని. నాతో పనిచేసే అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. తమిళాయన, మాట తక్కువ, ప్రోగ్రాం రాయడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు.

ఆ ఏడు మాకు కోవిల్‌పట్టిలోని ఒక ప్రెస్ నుంచి పని వచ్చింది. వాళ్లు అగ్గిపెట్టెల మీద అతికించే లేబుళ్లు అచ్చు వేసేవాళ్లు. బొమ్మ అదే ఉన్నా కంపెనీ పేరు, ఊరి పేరు ఆర్డరు ఆర్డరుకీ మారేవి. ప్రతి మార్పుకీ మనల్ని పిలవకుండా వాళ్లే నాలుగు లైన్లు రాసుకునేలా చేద్దామన్నాడు అన్న. అలా రాసుకునే లైన్లని స్క్రిప్టు అంటాం. అందుకని ఒక పత్రికతో వచ్చిన సీడీలోంచి, స్క్రిప్టుని చదివి నడిపే చిన్న స్క్రిప్టింగ్ ఇంజన్ తీసి తన ప్రోగ్రాంలో కూర్చోబెట్టాడు. ఆ రెండింటినీ కలిపే కోడు నా వంతు.

అన్న ప్రోగ్రాం లేబుల్ బొమ్మను డిస్కులోంచి తెచ్చి మెమరీలో ఒక చోట పెడుతుంది. ఆ చోటునే బఫర్ అంటాం. అది ఎక్కడుందో నా కోడు స్క్రిప్టుకి చెబుతుంది, స్క్రిప్టు దాని మీద అక్షరాలు వేస్తుంది. ఆఫీసులో మూడు లేబుళ్లతో చూశాం. అద్దంలా వచ్చాయి. నేను సీడీ సంచిలో వేసుకుని ప్రెస్సుకి వెళ్లాను.

ప్రెస్ నడిపే ఆవిడకి యాభై ఏళ్లుంటాయి. నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడు చాలవు, ఉన్న నలభై లేబుళ్లూ వరసగా వెయ్యమంది. పది పదకొండు సరిగ్గానే వచ్చాయి. ఆ తర్వాత కోడిపుంజు లేబుల్ ఇంకో కంపెనీ పేరుతో మళ్లీ వచ్చింది. కాళ్లున్నాయి, తోక ఉంది, మెడ వరకూ పుంజే. మెడ పైన తల ఉండాల్సిన చోట ఒక దీపం వెలుగుతోంది.

అప్పటిదాకా ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకుంటున్నాం. కంగారులో నా నోటి వెంట ఇంట్లో మాట వచ్చేసింది. "దీని తల యాడికి పోయిందో" అని గొణుక్కున్నాను.

"నేనూ అదే అడగాలని ఉండాను" అంది ఆవిడ, తెలుగులో.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశాం. మాది ఏ ఊరు, అమ్మ ఏ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, అన్నీ అడిగింది. తనని అత్తా అని పిలవమంది. ఆ కాగితం మిషన్ల దగ్గరికి తీసుకెళ్లి అందరికీ చూపించింది. వాళ్ల నవ్వు అచ్చు మోతని కూడా మించి వినిపించింది. ప్రోగ్రాం సంగతి మాత్రం భోజనం పెట్టాకే ఎత్తింది. సరిచేసి తీసుకురా, తొందరేం లేదంది.

మర్నాడు అన్న నా కోడులోనే తప్పుందన్నాడు. నేను ఆయన కోడులో ఉందన్నాను. మధ్యాహ్నం టీ దాకా ఎవరి కోడు వాళ్లం మళ్లీ చదువుకున్నాం. చివరికి ఆయనే రెండు కోడులూ కాగితాల మీద ప్రింటు తీసి నేల మీద పరిచాడు. మెమరీ ఎక్కడ తీసుకున్నామో, ఎక్కడ వదిలామో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ వచ్చాం.

సాయంత్రానికి దొరికింది. స్క్రిప్టు ఒకసారి నడిచి తిరిగి రాగానే, పనయిపోయిందని అన్న ప్రోగ్రాం ఆ బఫర్‌ని వదిలేస్తోంది. స్క్రిప్టు మాత్రం ఆ పుంజుని మళ్లీ వాడుకోవచ్చని దాచుకుంటోంది. ఖాళీ అయిందనుకున్న ఆ చోటులోకి తర్వాతి దీపం బొమ్మ వచ్చి పడుతోంది. మళ్లీ పుంజు లేబుల్ వేసేటప్పుడు స్క్రిప్టు ఆ చోటునే చూస్తోంది. దీపం చాలా చిన్న బొమ్మ, పైనుంచి నిండుతుంది, అందుకే పుంజు తల వరకే చెరిగింది.

అలాగైతే బఫర్‌ని పూర్తిగా ఇంజన్‌కే అప్పగిద్దామన్నాను. తన పని అయ్యాక అదే వదులుతుంది. ఆయన సరేనన్నాడు. నేను కోడు మార్చాను, నడిపాను. ఈసారి తల మారలేదు, ప్రోగ్రామే చచ్చిపోయింది. అన్న వైపు ఉన్న వదిలే లైను తీసేయమని చెప్పడం నేను మరిచాను. ఒకే మెమరీని అన్న ప్రోగ్రామూ ఇంజనూ రెండూ వదులుతున్నాయి. పైగా అప్పగించేటప్పుడు దాన్ని ఎలా వదలాలో కూడా ఇంజన్‌కి చెప్పాలని దాని వాడకం పుస్తకంలో రెండు వాక్యాలుంటే, చదివి కూడా దాటేశాను. ఆ మాట అన్నతో చెప్పడానికి అరగంట పట్టింది.

ఆయన కోప్పడలేదు. గోడకున్న బోర్డు మీద చాక్‌పీస్‌తో తమిళంలో రాశాడు: "ఇచ్చినవాడు ఇక ముట్టుకోకూడదు." తన లైను ఆయన కొట్టేశాడు. వదిలే పనికి ఒక చిన్న ఫంక్షన్ రాసి నా చేతికిచ్చాడు. బొమ్మతో పాటు దాన్ని కూడా ఇంజన్‌కి అందించేలా నేను రాశాను. స్క్రిప్టుకి ఆ బొమ్మతో అవసరం తీరాక, ఇంజనే ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఒక్కసారే పిలుస్తుంది. నలభై లేబుళ్లు వేశాం, తర్వాత నాలుగొందలు వేశాం. ఏ తలా కదల్లేదు.

మళ్లీ ప్రెస్సుకి వెళ్లినప్పుడు అత్తకి స్క్రిప్టు రాయడం నేర్పాను. ఆవిడకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అప్పటికి నాకూ రాదు. ఒక నోటుపుస్తకంలో తెలుగు మాటలే తమిళ అక్షరాలతో రాసుకుంది: ఇక్కడ పేరు పెట్టు, ఇక్కడ రంగు మార్చు.

రెండు నెలలకి ఆఫీసుకి ఫోన్ చేసింది. మళ్లీ ఏదో తిరగబడిందనుకున్నాను. సంగతి అది కాదు. ఏళాయిరంపన్నై నుంచి వచ్చిన ఆర్డరుకి లేబుల్ చుట్టూ పూల అంచు కావాలన్నారట. "నేనే రాసినాను. నిన్ను పిలవలేదు, సూడు" అంది.

ఆ మాట తమిళంలోకి మార్చి అన్నకి చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి గట్టిగా నవ్వాడు. అన్నాళ్లలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.