అక్క అద్దిన పచ్చరంగు

చాలా ఏళ్లుగా ఒక మాట నాలో బరువుగా ఉండిపోయింది. వినాల్సిన మనిషి ఇప్పుడు లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా అక్క ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్లకు నూలుకు రంగులద్దేది. అమ్మ చేసిందీ ఆ పనే. నేను సినిమాల్లో రంగులు చూసుకునేవాణ్ణి. ఆరుబయట తీసేటప్పుడు లోకం మన మాట వినదు. ఒక్క రంగు తేడా వచ్చినా కంటికి గుచ్చుకుంటుంది. ఆదోని కొండల దగ్గర తీసిన ఒక చిన్న సినిమాకు మేం అనుకున్నవి రాతి రంగు, దుమ్ము రంగు, ఎండుగడ్డి రంగు. అంతే. ప్లాస్టిక్ బిందెలు దాచడం, గోడల మీది పోస్టర్లకు మట్టి పూయడం నా పని.

ఒకరోజు అక్క షూటింగు దగ్గరికి నాకు అన్నం తెచ్చింది. దారిన నడిచిపోయే మనిషి అవసరమై ఆమెనే నడవమన్నాను. తను అద్దిన నూలుతో నేయించుకున్న చిలకపచ్చ చీరలో ఉంది. మార్చుకోనా అని అడిగింది. పొద్దు వాలుతోంది. వద్దన్నాను. తర్వాత ఆ పచ్చ కంటికి కొడుతోందని దర్శకుడు తిట్టాడు. కంప్యూటర్లో ఆ పచ్చను బూడిదరంగు చేశాను.

సినిమాను ఇంట్లో అందరం కలిసి చూశాం.

"ఏమప్పా, నా చీర యాడికి పోయింది? బూడిదలో పొర్లినట్లుండానే!" అక్క నవ్వింది.

"నీ రంగు సూసి కెమెరానే జడుసుకునింటాదిలే," అన్నాడు బావ.

అందరూ నావైపు చూశారు.

"ఎండకు నీ రంగు నిలబడలేదక్కా," అన్నాను. "కెమెరా ఉన్నదున్నట్లే సూపిస్తాది."

అక్క నవ్వు ఆగింది. "అట్లనా?" అంది.

నేనే మార్చినానంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? నొచ్చుకుంటుందనా? కాదు. తప్పు నాదని, నేనే నడవమన్నానని, నేనే ఆమె చీరను పనికిరాదని చెరిపేశానని ఆ నలుగురి ముందు తెలియకూడదనుకున్నాను. రంగు నిలవదన్న మాట అద్దకం చేసేవాళ్లకు ఎంత పెద్దదో తెలిసే అన్నాను.

అక్క ఆ పచ్చ నూలును మిద్దె మీద ఎండలో ఆరేసి చూసుకుంది. వెలవలేదు. అయినా తన కళ్లకంటే నా మాటనే నమ్మింది. కొన్నాళ్లకు, తన చేతిలోనే ఏదో లోపముందని అద్దకం మానేసి కూలికి నూలు చుట్టడానికి పోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

పోయినేడు అక్క చనిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లతో బావ, "మంచి పనిమంతురాలే, పాపం రంగే నిలబడల్యా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. తల దించుకున్నాను.

మీరు క్షమించలేరు. ఆ హక్కున్న మనిషి లేదు. ఆ పచ్చ వెలవలేదు. నేనే తీసేశాను. ఇంతవరకు రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది.