ఏకాదశి నాడు విప్పిన కారు

కృష్ణాబాయికి ఏకాదశి అంటే భక్తి కంటే తీరిక. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. మడి వంట లేదు, గిన్నెలు తోమే పని లేదు. ఆదోనిలో ఆమె బంధువుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ తీరికలో సగం పారాయణానికి ఇచ్చేవారు, సగం ఎవరి కోడలు ఎలాంటిదో చెప్పుకోవడానికి ఇచ్చేవారు. కృష్ణాబాయి కొంగు బిగించి కారు బానెట్ ఎత్తేది.

ఆ అంబాసిడర్ ఆమె భర్త భీమరావుది. ఆదోని స్టేషన్లో దిగిన యాత్రికులను ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం చేర్చి ఆయన సంసారం నడిపాడు. 1974లో ఆయన పోయాక బండి తోలడానికి ఓబన్న వచ్చాడు. స్టీరింగు ఓబన్నది, ఇంజను ఆమెది. భీమరావు కారు కింద పడుకుని చెయ్యి చాస్తే పదకొండేళ్ళు స్పానర్లు అందించిన మనిషి ఆమె. అందించినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదని మగవాళ్ళ నమ్మకం. ఆమె ఆ నమ్మకాన్ని కదిలించకుండా ప్లగ్గులు గీకుతూ, బెల్టులు మారుస్తూ నాలుగేళ్ళు గడిపింది.

"ఉపవాసం నాడు ఆ గ్రీసేమిటి వదినా? నలుగురూ చూస్తాండారు" అనేవాడు మరిది సేతుమాధవరావు. బడిపంతులు. అన్న పోయాక ఇంటి పెద్ద. కారు కాగితాలు అతని పేరు మీదికే మారాయి.

"ఉపవాసం నోటికి గదప్పా. చేతికి కూడా పెట్టినారా?"

1978 శ్రావణంలో, మంత్రాలయంలో స్వామి ఆరాధన రెండు వారాలు ఉందనగా, కారు మొరాయించింది. ఎమ్మిగనూరు చేరేలోగా మూడుసార్లు ఆగింది. ఒకసారి యాత్రికులు దిగి, తిట్టుకుంటూ బస్సెక్కారు. సేతుమాధవరావు వదినను అడగకుండా బండిని మగ్గాల ఊరు ఎమ్మిగనూరులో మెకానిక్కు జయరాజు షెడ్డుకు పంపించాడు. జయరాజు ఇంజనుకు పెట్రోలు లాగే పంపు మార్చాడు. మళ్ళీ ఆగింది. కాయిల్ మార్చాడు. మళ్ళీ ఆగింది. చివరికి చేతులు తుడుచుకుని తీర్పు చెప్పాడు: "ఇంజనే పోయింది సామీ. దీని మీద ఇంగ కర్సు దండగ. నాకిచ్చెయ్యండి, పాత సామాన్ల కింద తీసుకుంటా."

సేతుమాధవరావు సరేనన్నాడు. ద్వాదశి పొద్దున జయరాజు వచ్చి బండి తీసుకుపోతాడు. కృష్ణాబాయికి మిగిలింది ఏకాదశి ఒక్కరోజు. కారు పోతే ఆమెకు మిగిలేది మరిది ఇంట్లో వంటగది. అక్కడ తిండికి లోటుండదు. తన మాటకే ఉంటుంది.

పొద్దున్నే ఇంటి ముందున్న బండి బానెట్ ఎత్తి, ఏదీ విప్పకుండా, ఓబన్నను ఎదురుగా కూర్చోబెట్టింది. అన్ని రోజుల్లో ఎవరూ అడగని మనిషి అతనొక్కడే.

"ఎట్లా ఆగుతుంది? సరిగ్గా చెప్పు."

"బాగా పోతాంటాదమ్మా. ఉన్నట్టుండి గొంతు పట్టుకున్నట్టు అయితాది. ఆగిపోతాది. దిగి ఒక బీడీ తాగి సెల్ఫు కొడితే, ఏమీ ఎరగనట్టు లేస్తాది."

"ఇంజను పోయినదైతే, బీడీ కాలేలోపల యాడికి పోయి వచ్చినట్టు?"

ఓబన్న పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. పెట్రోలు గొట్టాన్ని పంపు దగ్గర విప్పి, సైకిల్ పంపు తగిలించి లోపలికి గాలి కొట్టింది. వెనక ట్యాంకులో గుడగుడమంది. గొట్టం బిగించి స్టార్ట్ చేస్తే ఇంజను హాయిగా తిరిగింది. కాసేపటికి మళ్ళీ గొంతు పట్టుకుంది. అంటే ఇంజనుకు రోగం లేదు, దానికి పెట్రోలు అందడం లేదు. అడ్డం గొట్టంలోదైతే గాలికి పోయి మళ్ళీ వచ్చేది కాదు; అది ట్యాంకులో ఉంది.

మధ్యాహ్నం ఎండలో, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని ట్యాంకు అడుగున మర విప్పింది. ధార కింద డబ్బా పెట్టి పెట్రోలు పట్టింది. డబ్బా నిండింది. చివరికి ధార సన్నబడి ఆగిపోయింది. కంతలోకి తీగె పెట్టి లాగితే, నల్లగా నానిన ముద్ద ఒకటి జారి అరచేతిలో పడింది. దూది.

కృష్ణాబాయి దాన్ని పిండి, వేళ్ళతో విప్పి చూసింది. చైత్రంలో గరాటు జల్లెడ తెగిపోతే, పెట్రోలులో నలుసులు పడకుండా గింజలు తీసే జిన్నింగు మిల్లు దూదిని గరాటులో కుక్కింది తనే. పత్తి ఊరు ఆదోనిలో వడకట్టాలన్నా, తుడవాలన్నా, కంత మూయాలన్నా చేతికి దొరికేది దూదే. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆ పోగులు కాసిన్ని లోపలికి పోయాయి. ఇంజను పీల్చినప్పుడు ముద్ద గొట్టం మూతికి అంటుకుంటుంది, ఆగితే విడిపోతుంది.

"జయరాజు పొరపాటని సెప్పేద్దామమ్మా" అన్నాడు ఓబన్న మెల్లగా.

"ఎందుకు? అబద్ధమాడి గెలిచేదానికి ఇంత కష్టం యాల?"

ద్వాదశి పారణ ముగిసేసరికి జయరాజు మొదటి బస్సుకు వచ్చేశాడు. ఆమె దూది ముద్దను అరుగు మీద పెట్టి, ట్యాంకులో దొరికిందని చెప్పింది.

"ఇది పెట్టిందెవరు?" అన్నాడు సేతుమాధవరావు.

"నేనే."

జయరాజు తొడ చరుచుకున్నాడు. "ఇదే నేను సెప్పేది సామీ! పని తెలీనోళ్ళు సెయ్యి పెడితే ఇంతే."

"తప్పు చేసింది నేనే, పట్టుకునింది నేనే. నువ్వు రెండుసార్లు విప్పితివి. ట్యాంకులోకి తొంగి చూస్తివా?"

"ట్యాంకులో దూదుంటాదని ఎవురనుకుంటారు బాయమ్మా?"

"ఆదోని బండి అయితే అనుకోవాల."

"నాది ఎమ్మిగనూరు."

"అయితే నూలన్నా ఉంటాదనుకోవాల!"

ఓబన్న నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. సేతుమాధవరావు మాత్రం పట్టు వదల్లేదు. "రేపు ఇంకో తప్పు చేస్తే, వదినా?"

"చేస్తా. మెకానిక్కు చెయ్యలేదా? ఆయన తప్పుకు మనం కూలి ఇస్తిమి, నా తప్పుకు నేను ఎండలో పడుకుంటిని. ఇద్దరూ ఎక్కండి. దోవలో ఒక్కసారి ఆగితే ఆడ్నే అమ్మేసి రండి."

ఎక్కారు. పారణకు కట్టిన పంచెతోనే మరిది ముందు సీట్లో, తను పాత సామాన్ల కింద కొనబోయిన బండిలోనే జయరాజు వెనక సీట్లో. కారు ఎక్కడా ఆగలేదు, జయరాజును అతని షెడ్డు ముందు దింపడానికి తప్ప. దిగి, బానెట్ మీద చెవి పెట్టి విన్నాడు. షెడ్డులోకి పోయాడు. సేతుమాధవరావును ఓబన్న మంత్రాలయం దాకా తిప్పి సాయంత్రానికి ఇంటికి చేర్చాడు.

ఓడిపోయానని సేతుమాధవరావు అనలేదు. రేపు పొద్దున యాత్రికుల రైలు ఎన్నింటికని ఓబన్నను అడిగాడు.

"రైలు సంగతి మేము చూసుకుంటాం" అంది కృష్ణాబాయి. "నువ్వు లోపలికి పోయి కాగితాలు తీసుకురా. బండి నా పేరు మీదికి మార్చాల."

"అంత తొందరేముంది వదినా?"

"మీ అన్న పోయిన వారానికే నీ పేరుకు మార్చుకుంటివి. నేను నాలుగేళ్ళు ఆగినాను గదప్పా."

అతను చెప్పులు విడిచి, కాగితాల పెట్టె తెరవడానికి లోపలికి వెళ్ళాడు.