దండేనికి కరెంటు

ఆ రేడియో తిరిగి ఇవ్వనని నేను మొండికేసిన రోజు మా నాన్న నామీద విరుచుకుపడ్డాడు. పడితే పడనీ. ఇప్పుడైనా నేను అదే పని చేస్తాను.

డెబ్బైల్లో హనుమాన్ జంక్షన్‌లో మాది రేడియో రిపేరు షాపు. నాన్నకి చూపు తగ్గాక సోల్డరింగంతా నాదే. "ఆడపిల్ల చేత ఇదేంటండీ" అని అంటూనే ఉండేవాళ్లు, సెట్లు తెస్తూనే ఉండేవాళ్లు.

ఒక రైసుమిల్లు గుమాస్తా గారు గరగర తగ్గించమని తన సెట్టు తెచ్చారు. వెనకట్ట విప్పి చూశాను. అది ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం. గోడలోంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి నేరుగా లోపలి ఇనప చట్రానికే ఉంటుంది. ప్లగ్గుకి రెండే పిన్నులు, ఎటు తిప్పి గుచ్చినా దూరుతుంది. ఒక వైపు గుచ్చితే ఏమీ ఉండదు. తిరగేసి గుచ్చితే చట్రమంతా రెండొందల ముప్పై వోల్టులు. అది ఏరియల్ తీగలోకి పాకకుండా మధ్యలో కండెన్సర్ ఉంటుంది. ఈయన బెజవాడ స్టేషను గట్టిగా వినపడాలని దాన్ని పీకేసి తీగ నేరుగా కలిపేశారు.

"ఏరియల్ ఎక్కడ కట్టారండీ?"

"పెరట్లో బట్టలారేసే దండెం ఉందిగా, ఇనప తీగ. దానికే. అయితే మా ఆవిడకో పిచ్చి. ముట్టుకుంటే జివ్వుమంటుందంటుంది. అదీ రోజూ కాదు, ఒక్కో రోజు. అంతా పని ఎగ్గొట్టే వేషాలు."

పిచ్చి కాదు, పాడూ కాదు! అడిగితే తేలింది: ఈయన పిడుగుల భయంతో రాత్రి ప్లగ్గు పీకేసి, పొద్దున్నే ఎటు పడితే అటు గుచ్చుతారు. ఈయన వార్తలు వినే వేళకే ఆవిడ బట్టలారేస్తుంది. నాపరాళ్ల మీద నిలబడేది కాబట్టి ఇన్నాళ్లూ జివ్వుమనడంతో సరిపోయింది. తడి మట్టిలో కాలు పెట్టిన రోజున అంతే సంగతులు.

"కండెన్సర్ పెడతాను. ఏరియల్ వేరే కట్టుకోండి."

"సౌండు తగ్గిపోతుందమ్మాయ్. చెప్పిన పని చెయ్యి."

"చెయ్యనండీ. సెట్టు ఇవ్వను కూడా."

"ఆయన వస్తువు ఆయనకిచ్చెయ్యవే!" అని నాన్న అరిచాడు.

"మనిషిని చంపేదాన్ని నా చేత్తో ఇవ్వను నాన్నా."

"అయితే మా ఇంటికొచ్చి చూపించు" అన్నారు గుమాస్తా గారు వెటకారంగా. సెట్టు చంకలో పెట్టుకుని, రెండు తీగలు తగిలించిన బల్బు పట్టుకుని వెళ్లాను. ఆవిడ పెరట్లో అంట్లు తోముతోంది. ఎవర్నీ దగ్గరికి రావద్దన్నాను. బల్బు తీగ ఒకటి దండేనికి, రెండోది చేతిపంపు గొట్టానికి కట్టి, లోపలికెళ్లి కిటికీ దగ్గర సెట్టుకి ఏరియల్ తీగ తగిలించి ప్లగ్గు గుచ్చాను. బల్బు వెలగలేదు. ఆయన పకపకా నవ్వారు. ప్లగ్గు పీకి తిరగేసి గుచ్చాను.

బల్బు భగ్గున వెలిగింది.

ఆవిడ బూడిద చేతులతోనే లేచి నిలబడింది. బల్బు వంకే చూస్తూ, "మూడేళ్లండీ. మూడేళ్ల నుంచి నన్ను పనిదొంగంటున్నారు" అంది.

ఆయన నేల చూపులు చూస్తూ, "సరేలేమ్మా, ఆ కండెన్సరేదో పెట్టెయ్యి" అన్నారు నాతో.

"ఆగండి. ముందు మీరిటొచ్చి ఈ తీగని ఒక్కసారి పట్టుకోండి" అంది ఆవిడ.

నేను ప్లగ్గు పీకేశాను. బల్బు ఆరిపోయింది. "ఇప్పుడు కరెంటు లేదండీ, పట్టుకోవచ్చు" అని కిటికీలోంచి ప్లగ్గు ఎత్తి చూపించాను.

అయినా ఆయన కదల్లేదు.