నీటికుక్కల వాగు నోరు

మా పెద్దమ్మ కూతురు ఆర్డిత్ క్లామత్ అనే నది ఒడ్డునే పుట్టింది. మా ఆదివాసీ తెగ నడిపే చేపల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఆమె పనల్లా వేలెడంత సాల్మన్ చేపపిల్లల బాగోగులు చూడడమే. శరత్కాలపు వానలకు నది ఉరకలెత్తితే ఆ పిల్లలు తట్టుకోలేవు. వాగుల్లోకి ఎదురీది, పైనున్న మడుగుల్లో చలికాలం గడిపి, వసంతంలో మళ్లీ నదిలోకి దిగి సముద్రానికి పోతాయి.

నీటికుక్కల వాగు నదిలో కలిసేచోట ఏటా గులకరాళ్లు మేట వేసేవి. వానలకు ముందే ఆర్డిత్ ఆ మేట తవ్వి దారి చేసేది.

ఒక ఏడాది ఆగస్టులో పైకొండ మొత్తం తగలబడింది. అక్టోబరులో తొలి చినుకులు పడగానే చేపపిల్లలు మేట దగ్గర గుంపుకట్టాయి. పైనున్న బూడిద సంగతేమిటని అడిగాను. మడుగుదాకా వెళ్లి చూశానని, నీళ్లు తేటగానే ఉన్నాయని చెప్పింది. ఇద్దరం మధ్యాహ్నందాకా తవ్వాం. పిల్లలు ఒకదాని వెనకొకటి లోపలికి పోతుంటే ఆర్డిత్ మోకాటి లోతు నీళ్లలో నిలబడి నవ్వింది.

"ఏరా తమ్ముడూ, నీ పెళ్లికి కూడా ఇంతమంది రాలేదు కదరా."

తొమ్మిదో రోజు కుండపోతగా కురిసింది. బూడిద, బురద కలిసి వాగులోకి జారాయి. మేం వెళ్లేసరికి మడుగు నల్లటి జావలా ఉంది. పిల్లలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ఒక్కటైనా బతికుంటుందేమోనని ఆర్డిత్ సాయంత్రందాకా చేతివలతో వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

"నేను ఆ దారి తవ్వకుండా ఉండాల్సింది" అంది.

"నదిలో ఉన్నా వరద ఊడ్చేసేదక్కా."

"కొన్నయినా మిగిలేవి. నన్ను ఊరడించకు."

ఆమె అన్నది నిజమే.

వసంతంలో, బతికినవేవైనా నదిలోకి దిగుతాయేమోనని వాగు నోటి దగ్గర వల కట్టి, నెల రోజులు రోజూ పొద్దున్నే వెళ్లి చూసింది. ఏమీ రాలేదు. మే నెలలో ఉద్యోగం మానేసి, తెగలోని ముసలివాళ్ల భోజనశాలలో వంటకు చేరింది. ఉండమని పైఅధికారులు బతిమాలినా వినలేదు.

మరుసటి శరత్తులో కొత్త చేపపిల్లలు మేట దగ్గరికి వచ్చాయి. కొండ ఇంకా బోడిగానే ఉంది. నేను భోజనశాలకు వెళ్లి, తవ్వమంటావా అని అడిగాను. ఆర్డిత్ ఓక్ చెట్టు గింజల జావ కలుపుతూ తల ఎత్తలేదు.

"తవ్వమనలేను, వద్దనలేను. ఎటైనా చచ్చేది అవేగా."

నేను తవ్వలేదు. నాలుగో రోజు నది పొంగింది. వరద తగ్గాక వెళ్లి చూస్తే మేట దగ్గర ఒక్క పిల్లా మిగలలేదు.