విదేశీ రేవులకు డీజిల్, నాంపల్లికి పెట్రోల్

సముద్రాన్ని నేను జీవితంలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి పరుగెత్తాను. అలాంటి నాకు, సరదాకి సొంత పడవల్లో పరాయి దేశాల రేవులకు వెళ్లేవాళ్లు ఇంధనం విషయంలో పాటించాల్సిన నిబంధనల్ని తెలుగు చేసే పని దొరికింది.

ఆబిడ్స్‌లో ఒక జిరాక్స్ షాపు పైన చిన్న గది, ఒక కంప్యూటరు, తిరగడానికి బతిమాలించుకునే ఫ్యాను. ఇదీ నా అనువాద కార్యాలయం. మిక్సీ వాడే విధానం, దగ్గు మందు హెచ్చరికలు, ఏదొస్తే అది చేస్తాను. ఈ పడవల కాగితాలు తెలుగులో ఎవరు చదువుతారండీ అని ఏజెన్సీ వాళ్లను అడగబోయి నోరు మూసుకున్నాను. వచ్చిన పనిని ప్రశ్నించేంత పెద్దవాణ్ని కాను.

నాలుగు పేజీలు పూర్తయ్యేసరికి మాత్రం పెద్దవాణ్నయిపోయాను. ఆ కాగితాల్లో ఉన్నదేమిటంటే, కొన్ని చోట్ల తక్కువ పన్ను వేసే డీజిల్‌కు ఎర్ర రంగు కలుపుతారట. దాన్ని ట్యాంకులో పోసుకుని ఇంకో దేశపు రేవుకి వెళ్తే అక్కడి అధికారులు నిలదీయొచ్చు. అందుకని కొన్న రసీదు దగ్గరుండాలి. ఇంధనం పడవ ట్యాంకులోనే ఉండాలి, విడిగా డబ్బాల్లో మోసుకెళ్తే లేనిపోని తంటా. ఇంజిను ఎన్ని గంటలు నడిచిందో రాసుకుంటూ ఉండాలి. చివర్లో పడవవాళ్ల అనుభవసూత్రం ఒకటి: మూడో వంతు ఇంధనం పోవడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మూడో వంతు ఆపదకు.

ఈ మూడో వంతు సూత్రం నా తలకెక్కింది. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ పక్క టేబులాయనకు చెప్పాను. కింది జిరాక్స్ ఆయనకు రెండుసార్లు చెప్పాను. "ఔ సార్, మంచి ముచ్చటే. గానీ మా మిషిన్ కరెంటు మీద నడుస్తది" అన్నాడాయన. ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే కూడా ఆపదకు కొంచెం గిన్నెలో ఉంచమన్నాను. మా ఆవిడ గిన్నె తీసుకుపోయి వంటింట్లో పెట్టేసింది. ఆ పూట పెరుగన్నం లేకుండానే లేచాను.

మా ఆవిడ గురించి చెప్పాలి. ప్రైవేటు బళ్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్తోంది. సర్కారు టీచర్ కొలువు ఆమె కల. ఒకసారి నోటిఫికేషన్ ఆగిపోయింది, ఒకసారి కొద్దిలో పోయింది. వయసు పరిమితి లెక్కన ఈసారి పరీక్షే ఆఖరుది, ఇది తప్పితే మళ్లీ రాయనివ్వరు. పొద్దున వంట, పగలు బడి, రాత్రి చదువు. ఇంత చేస్తూ ఆమె నన్ను అడిగిన సాయం ఒకే ఒక్కటి. ఆదివారం పొద్దున చాదర్‌ఘాట్‌లోని మా ఇంటి నుంచి నాంపల్లిలో పరీక్ష జరిగే బడి దాకా స్కూటర్ మీద దింపాలి.

"పెట్రోల్ పోయించుకొని రా. నీకు జెప్పేది గిదొక్కటే" అంది శనివారం సాయంత్రం.

మా స్కూటర్‌కు పెట్రోల్ ముల్లు పాడై సగం దగ్గరే నిలిచిపోయింది. పోయించినా సగమే, అయిపోయినా సగమే. దాన్ని బాగు చేయించకుండా బంకులో ఎప్పుడూ "వంద రూపాయలది పొయ్యి" అనడం నా అలవాటు. ఆ సాయంత్రం బంకుకని బయల్దేరినవాణ్ని, దారిలో కోఠిలో పాత పుస్తకాల దగ్గర ఆగాను. రేవుల పటాలున్న ఒక లావుపాటి అట్లాసు కనిపించింది. అనువాదానికి పనికొస్తుందని నాకు నేనే చెప్పుకుని, బేరమాడి, స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని, కాలర్ ఎగరేసుకుంటూ ఇంటికొచ్చేశాను.

"పోయించినవా?"

అప్పటికి గానీ గుర్తు రాలేదు. లేదని ఒప్పుకుని మళ్లీ వెళ్లొస్తే పావుగంట పని. నేను చేసిందేమిటంటే, కుర్చీలో కూర్చుని లెక్క చెప్పాను. సోమవారం వంద రూపాయలది పోయించాను, ఇంజిను ఇన్ని గంటలు నడిచింది, కాబట్టి ఆపదకు ఉంచిన మూడో వంతు అలాగే ఉంది అన్నాను.

"పడవల సంగతి కాదయ్యా, స్కూటర్ సంగతి జెప్పు. పోనీ సీసల అర లీటరన్న పెట్టుకుందామా?"

"ట్యాంకులో తప్ప విడిగా ఇంధనం మోసుకెళ్లకూడదు" అన్నాను. ఆ గొంతు నాది కాదు, ఏదో దేశపు రేవు అధికారిది. ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి చదువుకోవడానికి వెళ్లిపోయింది. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతానన్నాడట. ఆ మాట ఎవరి గురించి పుట్టిందో నాకిప్పుడు తెలుసు.

ఆదివారం పొద్దున ఆమె హాల్ టికెట్, ఆధార్ కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోనుతో సహా స్కూటర్ సీటు కింద డిక్కీలో పెట్టింది. కోఠి దాటేదాకా బాగానే ఉంది. సరిగ్గా మొజంజాహీ మార్కెట్ ముందుకు రాగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం కాలేదు, దిగు."

బండిని పక్కకు వంచాను. హైదరాబాదులో పుట్టినవాడికి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. మూల నక్కిన నాలుగు చుక్కల పెట్రోల్ ఇంజినుకు చేరి కొన్ని కిలోమీటర్లు లాగిస్తుంది. వంచాను, ఊపాను, మళ్లీ కిక్కు కొట్టాను. అంతకు ముందే ఎవడో మహానుభావుడు వంచేసినట్టున్నాడు. వాణ్ని నేనే, శుక్రవారం నాడు.

తలెత్తి చూసేసరికి మా ఆవిడ లేదు. పరీక్షకే పోతున్న ఒక అమ్మాయి స్కూటర్ వెనక ఎక్కి, నాంపల్లి వైపు అప్పటికే చాలా దూరం పోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పోనీలే, గండం గడిచింది అనుకుని చెమట తుడుచుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, హాల్ టికెట్ డిక్కీలో ఉందని.

స్కూటర్ తోసుకుంటూ పరుగెత్తాను. నా వయసుకి, నా పొట్టకి అది పరుగు కాదు గానీ నేను అలాగే అనుకున్నాను. ఆటోలన్నీ నిండుగా పోతున్నాయి. బండి అక్కడే పారేసి ఒట్టి కాళ్లతో పరుగెత్తితే ఎంతో తొందరగా చేరేవాణ్నన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

బైకు మీద తిండి పొట్లాలు చేరవేసే ఒకాయన పక్కకొచ్చి "ఏంది అంకుల్, పెట్రోల్ అయిపోయిందా? కూసోండ్రి, హ్యాండిల్ సీదా పట్టుకోండ్రి" అన్నాడు. వెనకనుంచి తన కాలు నా బండికి ఆనించి తోసుకుపోయాడు. పడవ చెడిపోతే ఇంకో పడవ తాడు కట్టి లాక్కెళ్తుందని నా కాగితాల్లో ఉంది. ఆయనకు ఆ మాట చెప్పబోయాను. సిగ్గనేది ఇంకా కొంచెం మిగిలుంది కాబోలు, ఆగిపోయాను.

బడి దగ్గరికి చేరేసరికి గేటు మూసేశారు. కవరు చూపించి కానిస్టేబుల్‌ను బతిమాలాను.

"టైం అయిపోయింది, ఇగ ఏదీ లోపలికి పోదు. ఇందాక ఒకామె హాల్ టికెట్ లేదని ఏడ్సుకుంట వాపస్ పోయింది. మీ ఆమెనేనా? ఏం చీర కట్టుకుంది?"

పొద్దున ఆమె నా ముందే తయారైంది, నా వెనకే కూర్చుని వచ్చింది. ఎక్కడో ఎవరో వాడే డీజిల్‌కు ఏ రంగు కలుపుతారో నాకు తెలుసు. నా పెళ్లాం ఆ రోజు ఏ రంగు చీర కట్టిందో తెలియదు.

గేటుకు ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. ఇంటికి వెళ్లి చూడొచ్చు. కానీ అక్కడ ఆమె ఏడుస్తూ కనిపిస్తే ఏం చెయ్యాలి? ధైర్యం చాలలేదు. ఇన్నేళ్ల చదువు, ఆఖరి అవకాశం, అంతా నా ఒళ్లోని ఆ ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. కర్చీఫ్ కోసం జేబులో వెతికితే అదీ లేదు.

మధ్యాహ్నం గేటు తెరిచారు. జనం బయటికొస్తుంటే ఒక్కొక్క మొహమూ చూస్తూ నిలబడ్డాను. వాళ్లలో ఆమె కూడా ఉంది, ఎవరితోనో ప్రశ్నల గురించి మాట్లాడుతూ, నవ్వుతూ. నేను కవరు ముందుకు చాపి, చిన్నపిల్లాడిలా నిలబడిపోయాను.

"గా మొఖమేంది? మంచిగనే రాసిన."

"హాల్ టికెట్ లేకుండా ఎట్లా..."

"ఇంకోటి రుమాల్ల పెట్టుకున్న, ఓటర్ కార్డు గూడ. నువ్వు బండిని ఊపుకుంట ఉంటివి, సీటు తెరిపిచ్చుకునేదాక ఆ పిల్ల ఆగుతదా?"

"రెండు ఎందుకు తీశావు?"

"నీతోని వస్తున్న గదా" అంది. కోపంగా కాదు, వెటకారంగానూ కాదు, చినుకులు పడుతుంటే గొడుగు తెచ్చుకున్నానని చెప్పినంత మామూలుగా.

ఆపదకు ఒక వంతు ఉంచుకోవాలని నేను ఊరంతా చాటాను. నేనే ఆ ఆపదనని ఇంట్లో ఆమెకు ఎప్పటినుంచో తెలుసు.

"సరే, నడువు. ఆకలైతుంది. పెట్రోల్ పోయించినవా?"

ఊరికే కూర్చున్నాను కదా పొద్దుటినుంచి. ఆ సంగతి తట్టనే లేదు. నేను పెట్రోల్ ముల్లు వైపు చూసేసరికి ఆమె అర్థం చేసుకుని, కొంగు నడుముకు దోపుకుని స్కూటర్ వెనక్కి వెళ్లింది.

"నువ్వు హ్యాండిల్ పట్టు, నేను తోస్త" అంది.

బంకు వైపు నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి ఆమెను సరిగ్గా చూశాను. ముదురు పచ్చ చీర, గోధుమరంగు అంచు.